పెట్టె లేని కంప్యూటర్

మా అక్క కుడిచేతి వేళ్ళు నాలుగూ తీసింది మీరే. ప్రెస్సు తీసిందని ఊరంతా చెప్పుకుని తిరగకండి. ఆ ప్రెస్సుకి కళ్ళున్నాయి. వాటికి గంతలు కట్టింది ఎవరు? మేనేజరు గారూ, మీరు. లోడు ఇంకా ఎందుకు కదల్లేదని ఫోన్లో అరిచిన పై ఆఫీసు పెద్దలూ, మీరు. మమ్మల్ని ఏమార్చడానికి మా ఇంటి గడప దాకా వచ్చిన సూపర్‌వైజరు అన్నయ్యా, నువ్వు. నేను బడికి సగంలోనే ఎగనామం పెట్టినదాన్ని. మాటని మడతపెట్టి, ఇస్త్రీ చేసి చెప్పడం నాకు చేతకాదు. ఆ ఎండాకాలం ఏం జరిగిందో జరిగినట్టు చెబుతాను. ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి.

మాది కంప్యూటర్ కేబినెట్లకి రేకులు కొట్టే ఫ్యాక్టరీ. కేబినెట్ అంటే కంప్యూటర్ సామానంతా లోపల పెట్టి బిగించే ఇనుప పెట్టె. మేం పెట్టె చెయ్యం, దానికి కావలసిన రేకులు చేస్తాం. రేకు ప్రెస్సు మెషీన్‌లో ఇనుప అచ్చు కింద పడి, చిల్లులు పడి, అంచులు మడతపడి నా దగ్గరికి వస్తుంది. నేను రేకుకీ రేకుకీ మధ్య కాగితం పెట్టి కట్ట కడతాను. లారీ ఎక్కిన తర్వాత అవి ఎక్కడికి పోతాయో, ఏ కంపెనీ పేరు తగిలించుకుంటాయో మాకు తెలియదు. అక్క పెద్ద ప్రెస్సు మీద పని చేసేది. నాన్న గేటు దగ్గర వాచ్‌మన్. పొద్దున ముగ్గురం ఒకే గేటులోంచి లోపలికి పోయేవాళ్ళం. సాయంత్రం మా సంచులు తడిమి చూసి బయటికి వదిలేది నాన్నే.

"కన్నకూతుళ్ళ మీద కూడా అనుమానమా నాన్నా?" అని అక్క రోజూ దెప్పేది.

"కన్నకూతుళ్ళనే ముందు చూడాలమ్మా. మీరు ఒక స్క్రూ పట్టుకుపోయినా నా టోపీ ఊడుతుంది" అనేవాడు నాన్న.

వేసవి మొదట్లో అక్కకి కంప్యూటర్ పిచ్చి పట్టింది. షాపులో బిగించి ఉన్నది కొనుక్కోదట. సామానంతా విడివిడిగా తెచ్చుకుని తన చేత్తో తానే బిగించుకుంటుందట. ఫ్యాక్టరీలో పైఅంతస్తున డ్రాయింగ్ రూము ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళు కంప్యూటర్లో గీస్తే, ఆ గీత ప్రకారం కింద మా రేకులకి చిల్లులు పడతాయి. అక్క ఆ గీతలు నేర్చుకోవాలనుకుంది. కింద రేకుల కప్పు కింద ఉడికిపోతూ, పైన అద్దాల వెనక కూర్చున్నవాళ్ళని చూసి చూసి ఆ కోరిక పుట్టిందో ఏమో. సూపర్‌వైజరు కూడా "నేర్చుకో చెల్లెమ్మా, నేర్చుకుంటే పైన కుర్చీ ఇప్పించే పూచీ నాది" అన్నాడు.

ఒక్కొక్కటే వచ్చి ఇంట్లో చేరింది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, పవర్ సప్లై, ఎవరో వాడి అమ్మేసిన పొడుగాటి గ్రాఫిక్స్ కార్డు. అన్నీ బట్టల అరలో, అట్టపెట్టెల్లో. నా బట్టలు కుర్చీ మీదికి వచ్చేశాయి. చివరికి కేబినెట్ ఒక్కటే మిగిలింది. దాని దగ్గర అక్క మొండికేసింది. ఏదీ నచ్చదు.

"పెట్టెకి ఇంత రాద్ధాంతం ఏంటే?" అన్నాడు నాన్న. "లోపల సామాను బాగుంటే చాలదూ? పిల్లకి సంబంధం చూసినట్టు చూస్తున్నావు."

"సామాను రేపు పాడైతే మార్చుకోవచ్చు నాన్నా. పెట్టె అలా కాదు, పదేళ్ళు ఉంటుంది. ఇరుకు పెట్టెలో పెడితే లోపల అన్నీ ఉడికి చస్తాయి, మా షెడ్డులో మాలాగ."

ఒక ఆదివారం నన్ను వెంటేసుకుని షాపుకి పోయింది. షాపాయన మమ్మల్ని చూడగానే నల్ల అద్దాల కేబినెట్ ముందుకు జరిపి స్విచ్చి వేశాడు. రంగులన్నీ ఒక్కసారి గిరగిరా తిరిగాయి.

"చూడండి మేడమ్. మూడు పక్కలా అద్దమే. లైటు ఆపేస్తే గదంతా సినిమా హాలే."

"నాకు సినిమా వద్దు బాబూ, గాలి కావాలి. ముందు పక్క కూడా అద్దం బిగిస్తే లోపలి ఫ్యాన్లు దేన్ని పీలుస్తాయి? ముక్కు మూసి పరిగెత్తమన్నట్టుంది."

"అందరూ ఇదే తీసుకుంటున్నారు మేడమ్!"

"అందుకే అందరివీ వేడెక్కి ఆగిపోతున్నాయి" అంటూ అక్క ఇంకో పెట్టె పక్కరేకు తీసి లోపలికి చెయ్యి పోనిచ్చింది. టక్కున వెనక్కి లాక్కుంది. చూపుడువేలి మీద సన్నగా ఎర్రగీత. "అంచు మడవలేదు చూడు. ఇది చేసినవాడికి చేతులు లేవా ఏంటి?" అని వేలు నోట్లో పెట్టుకుంది.

ఆ మాట తర్వాత నా చెవుల్లో ఎన్నిసార్లు మోగిందో చెప్పలేను.

మూలన, ఎవరూ పట్టించుకోని చోట, పెద్ద కేబినెట్ ఒకటి ఉంది. అద్దాలు లేవు, రంగులు లేవు. ముందంతా జల్లెడలా సన్న చిల్లుల రేకు. అక్క దాని ముందు గొంతుక్కూర్చుంది. పక్కరేకు తీసింది. తెచ్చుకున్న తాడు ముక్కతో కార్డు పడుతుందో లేదో కొలిచింది. అంచులన్నీ తడిమింది. చిల్లుల రేకు మీద అరచెయ్యి ఆనించి కిందికి జారుస్తూ పోయి మూల దగ్గర ఆగింది.

"ఒసేయ్, ఇటు రా. ఇక్కడ చూడు."

చివరి వరస చిల్లుల మధ్య గోటితో గీసినట్టు చిన్న గీత ఉంది.

"మా అచ్చు మీద దెబ్బ ఉందే ఇక్కడ. కొట్టిన ప్రతి రేకు మీదా పడుతుంది. ఇది నా ప్రెస్సుదే. ఇది నేను కొట్టిన రేకు!"

షాపాయన కంగారు పడ్డాడు. "డ్యామేజీ అంటారా మేడమ్? రేటు తగ్గిస్తాలెండి."

"డ్యామేజీ కాదు బాబూ, నా సంతకం" అని అక్క పకపకా నవ్వింది. అక్క అలా నవ్వడం చూసి నేనూ నవ్వాను. షాపాయనకి ఏమీ అర్థం కాక తనూ నవ్వాడు. ఆ ఎండాకాలంలో మేం నవ్విన చివరి నవ్వు అది.

అప్పటికప్పుడు తీసుకుందామంటే అది చూపించే పీసు, అమ్మడానికి లేదన్నాడు. "కొత్త మోడల్ మేడమ్, వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి. కొత్త లోడు రాగానే మీకొకటి తీసి పక్కన పెడతా."

"ఆ లోడు కొట్టేది నేనేలే. తొందరగా కొట్టేస్తాను, తొందరగా తెప్పించు" అంది అక్క.

ఇక ఆ లోడు సంగతి. మా పెద్ద ప్రెస్సుకి ముందు భాగంలో అటూ ఇటూ నిలువు కడ్డీలు ఉంటాయి. ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి కంటికి కనపడని కాంతి పోతుంటుంది. దానికి చెయ్యి అడ్డం పడితే చాలు, పైనుంచి దిగే అచ్చు దిగేది దిగినట్టే ఆగిపోతుంది. సెన్సర్ అంటారు దాన్ని. పాత రేకులు చిన్నవి, కడ్డీలకి లోపలే పట్టేవి. ఈ కొత్త మోడల్ రేకు పొడుగు. అచ్చు మీద పెడితే తోక బయటికి వచ్చి కాంతికి అడ్డం పడుతుంది. సెన్సర్ అది రేకో చెయ్యో తెలుసుకోలేదు. ప్రెస్సు కదలదు. కడ్డీల్ని జానెడు ఇవతలికి జరిపితే సరిపోయేది. కానీ జరపాలంటే ప్రెస్సు ఆపాలి, మెకానిక్‌ని పిలవాలి, పని నిలబడాలి. మీరు ఆపలేదు. సెన్సర్‌నే ఆపేశారు.

దాన్ని ఆపడానికో తాళంచెవి ఉంది. అది సూపర్‌వైజరు మెడలో పచ్చపట్టీకి వేలాడుతూ ఉండేది. ఆయన్ని సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "సారూ గీరూ ఏంటి, అన్నయ్యా అనండి" అనేవాడు. జ్వరం వస్తే మాత్ర తెచ్చిచ్చేవాడు, ఇంటి విషయాలు అడిగేవాడు. చెడ్డవాడని అనను. చెడ్డవాడైతే మేం జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

నేను కట్టలు తీసుకుపోవడానికి వెళ్ళినప్పుడు అక్క ఆయనతో అంటోంది: "అన్నయ్యా, సెన్సర్ లేకుండా భయంగా ఉంది. రేకు అచ్చుకి అతుక్కుంటోంది, ఊరికే చెయ్యి పెట్టి లాగాల్సి వస్తోంది."

"ఈ ఒక్క లోడు కూడా పోనీ తల్లీ. మేనేజరు నా పీక మీద కూర్చున్నాడు."

"పోనీ ఆ తాళంచెవి నాకివ్వు. అతుక్కున్నప్పుడు సెన్సర్ వేసుకుని, తీశాక ఆపుకుంటాను."

"అమ్మో! ఇది నా మెడలోంచి కదిలితే నా తల కదిలినట్టే. స్నానానికి కూడా తియ్యను." షెడ్డులో మిగతావాళ్ళు నవ్వారు. ఆయన పచ్చపట్టీని ముద్దుపెట్టుకుని చొక్కా మీదికి వదిలాడు.

పెద్ద ప్రెస్సు పని చేతికీ కాలికీ మధ్య పాటకి వేసే తాళం లాంటిది. చెయ్యి రేకు పెడుతుంది, కాలు పెడల్ తొక్కుతుంది, చెయ్యి తీస్తుంది, కాలు తొక్కుతుంది. గంటల తరబడి అలా చేస్తే కాలు తనంతట తానే తొక్కడం నేర్చుకుంటుంది. ఆ రోజు రేకు మళ్ళీ అతుక్కుంది. అక్క కుడిచెయ్యి పెట్టి లాగింది. కాలు తన పని తాను చేసింది. కాలు తప్పుచేసే వేళకి అడ్డం రావడానికే సెన్సర్ పెట్టింది. అది నిద్రపోతోంది.

నేను ప్యాకింగులో ఉన్నాను. అరుపేమీ వినపడలేదు. పెద్ద ప్రెస్సు చప్పుడు ఆగిపోయింది, అంతే. ఆ చప్పుడు లేకపోతే మా షెడ్డు ఇంత పెద్దదా అనిపించింది.

అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళే కంపెనీ వ్యాను నేనూ ఎక్కాను. గేటు తెరిచింది నాన్నే. లోపల ఎవరున్నారో చూడకుండానే సెల్యూట్ కొట్టాడు. వ్యాను వెనక అద్దంలోంచి నా ముఖం కనపడ్డాక చెయ్యి దించాడు.

మేం అటు పోగానే నీళ్ళు కొట్టి కడిగారట. టీ వేళకి ముందే ప్రెస్సు మళ్ళీ నడిచిందట. పక్క వరసలో పనిచేసే, మేం పిన్నీ అని పిలిచే ఆవిడని తీసుకొచ్చి అక్క స్టూలు మీద కూర్చోబెట్టారట. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన పిన్ని మా ముఖాలు చూడలేక గోడ వైపు తిరిగి చెప్పింది. "సెన్సర్ వేశారా పిన్నీ?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

అక్క ఇంటికి వచ్చాక సూపర్‌వైజరు వచ్చాడు. భుజం మీద పెద్ద అట్టపెట్టె. దించి, చెమట తుడుచుకుని, "చెల్లెమ్మా, నీ కంప్యూటర్‌కి ఇది కావాలన్నావు కదా. ఆర్డరిచ్చిన కంపెనీ వాళ్ళు మనకి నమూనా కోసం పంపిన పీసు. మేనేజరు గారు నీకివ్వమన్నారు" అన్నాడు. అక్క కోరుకున్న కేబినెట్టే.

నాన్న గేటు దగ్గర నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంకో మాట" అన్నాడు సూపర్‌వైజరు, గొంతు తగ్గించి. "ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వస్తాడు. పని త్వరగా తెమలాలని నువ్వే నా సొరుగులోంచి తాళంచెవి తీసి సెన్సర్ ఆపుకున్నానని చెప్పు. అంతే. పైన డ్రాయింగ్ రూములో కుర్చీ నీది. మాటిచ్చారు. ఎడమచేత్తో అయినా మౌసు తిప్పొచ్చు కదమ్మా. కాదూ కూడదంటే, మరి... గేటు దగ్గర బాబాయి ఉద్యోగం కూడా అక్కడే ఉంది. నా చేతిలో ఏముంది చెప్పు."

అతను పోయాక నేను ఇల్లు పైకప్పు లేచిపోయేలా అరిచాను. నాన్న నా వైపు చూడలేదు. అక్క మంచం పక్కన కింద కూర్చుని మెల్లగా అన్నాడు: "వేళ్ళు మళ్ళీ మొలవవు కదా తల్లీ. నిజం చెప్పినా మొలవవు. ఆ ఒక్క మాట అనేస్తే నీడపట్టున కూర్చుంటావు. నువ్వు కోరుకున్నదేగా."

"సిగ్గు లేదా నాన్నా నీకు?" అన్నాను.

"ఉంది. సిగ్గుతో అన్నం ఉడకదు."

అక్క అట్టపెట్టె వైపు తిరిగింది. "పెట్టె విప్పవే" అంది నాతో. విప్పి ముందుంచాను. ఎడమచెయ్యి చిల్లుల మీద జార్చుకుంటూ మూల దాకా పోయింది. గీత తగిలింది. అక్కడే కాసేపు వేలు పెట్టి ఉంచింది. "నాదే" అంది. తర్వాత, "మూసెయ్" అంది. ఆమె ఏమనుకుంటోందో నాకు తెలియలేదు. ఆ కుర్చీ కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో మాత్రం తెలుసు. ఒప్పేసుకుంటుందనే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చాడు. సూపర్‌వైజరే వెంటబెట్టుకొచ్చాడు, షిఫ్టు మధ్యలోంచి లేచి. నేను టీ పెట్టి ఇచ్చాను. అట్టపెట్టె గోడవార అలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని చూసీ చూడనట్టు కూర్చున్నాడు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, "చూడమ్మా, సెన్సర్ మీరే ఆపుకున్నారని కంపెనీ వాళ్ళు చెబుతున్నారు. వీరి సొరుగులోంచి తాళంచెవి తీసుకుని. అంతేనా?" అన్నాడు.

నాన్న కళ్ళు నేల మీద. సూపర్‌వైజరు బల్ల మీది టీ గ్లాసు కోసం ముందుకు వంగి, "భయపడకు చెల్లెమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

అక్క అతని వైపే చూస్తోంది. "సార్" అంది.

ఎప్పుడూ అన్నయ్యా అనేది. అతను తలెత్తాడు.

"తాళంచెవి టీలో పడుతుంది సార్. చూసుకోండి."

అందరం చూశాం. వంగిన మెడలోంచి పచ్చపట్టీ జారి, దాని కొసన తాళంచెవి గ్లాసు అంచుకి టింగుమని తగులుతోంది. అతని చెయ్యి గబుక్కున దాని మీదికి పోయింది. చొక్కా లోపలికి తోసేశాడు.

"ఇదేనా ఆ తాళంచెవి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదే... అంటే, ఆ రోజు మాత్రం సొరుగులో..."

"ఆయన స్నానానికి కూడా తియ్యరండీ" అంది అక్క. "షెడ్డులో ఎవర్నైనా అడగండి. నేను అడిగాను, ఇవ్వలేదు."

ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు. టీ మొత్తం తాగాడు. వెళ్ళిపోయాడు. అతని వెనకే, మా ఎవరి ముఖమూ చూడకుండా, సూపర్‌వైజరు.

మర్నాడు నాన్న యూనిఫారం వేసుకుని, అట్టపెట్టె భుజానికెత్తుకుని డ్యూటీకి పోయాడు. ఇన్నేళ్ళూ గేటులోంచి బయటికి పోయేవి పట్టుకున్న మనిషి, ఇంట్లోంచి ఒకటి మోసుకెళ్ళి లోపల అప్పజెప్పాడు. పిల్ల తెలియక మాట్లాడిందని మేనేజరుకి దండం పెట్టాడట. నాకది ఇప్పటికీ మంటే. మేనేజరు పెట్టె తీసుకున్నాడు. టోపీ కూడా తీసుకున్నాడు. నాన్న మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. మర్నాడు నేను వెళితే గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ నన్ను ఆపేశాడు. విచారణ సాగుతోందట. ఎండలు పోయి వానలు పడ్డాయి, అది ఇంకా సాగుతూనే ఉంది.

అక్క వేరే కేబినెట్ చూడలేదు. షాపాయన ఫోన్ చేశాడు, లోడు వచ్చింది మేడమ్, మీ పీసు పక్కన పెట్టాను అని. "వద్దు బాబూ, ఎవరికైనా ఇచ్చెయ్" అంది. ఒకరోజు బట్టల అర తెరిచి సామానంతా బల్ల మీద పెట్టమంది. మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీదే పడుకోబెట్టాం. తను చెబుతుంటే నేను బిగించాను. నాన్న లేచొచ్చి టార్చి పట్టుకున్నాడు. అక్క కుడిచేతి కట్టుతో వైర్లు అదిమి పట్టి, ఎడమచేత్తో ఒక్కొక్కటే గుచ్చింది. పెట్టె లేదు కాబట్టి నొక్కడానికి బటనూ లేదు. బోర్డు మూలన రెండు చిన్న ముళ్ళుంటాయి. వాటి రెంటికీ స్క్రూడ్రైవర్ కొస ఒక్క క్షణం తగిలించాలి. అక్క ఎడమచేత్తో పెడితే తప్పిపోయింది. మళ్ళీ తగిలించింది. ఫ్యాను తిరిగింది.

"పేగులన్నీ బయటే ఉన్నాయేంటే దీనికి!" అన్నాడు నాన్న. టోపీ పోయాక ఆయన మాతో అన్న మొదటి మాట అది.

"ఉండనీ నాన్నా. ఏది ఎక్కడ కాలుతోందో కనపడుతుంది."

ఇదంతా దాని మీదే రాస్తున్నాం. నేను చెబుతున్నాను, అక్క ఎడమచేత్తో కొడుతోంది. అక్షరం అక్షరానికీ ఆలస్యం. నాకు ఓపిక లేదు, ఆమెకి ఉంది.

పెద్ద ప్రెస్సు మీద ఇప్పుడు పిన్ని ఉంది. తాళంచెవి ఇంకా అతని మెడలోనే ఉంది. రేకు ఇంకా అచ్చుకి అతుక్కుంటూనే ఉంది. అందుకే ఇది విచారణ ముగిసేదాకా ఆగే పని కాదు. షెడ్డులో ఉన్న అక్కల్లారా, అన్నల్లారా, రేపు పొద్దున పెడల్ మీద ఎవరూ కాలు పెట్టకండి. పిన్నీ, ముందు నువ్వు పెట్టకు. మేనేజరు గారూ, ప్రెస్సు ఆపండి. ఆ కడ్డీల్ని జానెడు ఇవతలికి జరపండి. సెన్సర్ వెయ్యండి. ఆ తాళంచెవిని ఆ మెడలోంచి తీసి, ఎవరి చెయ్యి అచ్చు కిందికి పోతుందో ఆ మనిషి మెడలో వెయ్యండి. ప్రెస్సు నడపడం తర్వాత. ముందు తాళంచెవి ఇవ్వండి.